సింగిల్ డిన్ డ్యాష్‌బోర్డులో 7 అంగుళాల టచ్ స్క్రీన్: ఒక పాత హ్యాచ్‌బ్యాక్ కేస్ స్టడీ

కారు తొంభైల నాటి డిజైన్, చిన్న హ్యాచ్‌బ్యాక్. ఎయిర్‌బ్యాగులు లేవు. ఏసీ, హీటర్ కంట్రోళ్లు కేబుళ్ల మీద నడుస్తాయి. డ్యాష్‌బోర్డు మధ్యలో సింగిల్ డిన్ (కారు స్టీరియోల ప్రామాణిక సైజు, డబుల్ డిన్ దానికి రెట్టింపు ఎత్తు) క్యాసెట్ స్టీరియో ఉంది. దాని కింద చిల్లర సామాన్లు వేసుకునే అర, అరకు కింద ఏసీ కంట్రోళ్లు. యజమాని అడిగింది 7 అంగుళాల టచ్ స్క్రీన్, రివర్స్ కెమెరా, బ్లూటూత్ కాల్స్. షరతులు రెండు: ఏసీ కంట్రోళ్లు ఉన్నచోటే ఉండాలి, రేపు అవసరమైతే పాత స్టీరియో మళ్లీ బిగించుకోగలగాలి.

ఇలాంటి పని చేసేవాళ్లు దాదాపు అందరూ ముందు స్కేలు తీసుకుని ఫేసియా (స్టీరియో చుట్టూ ఉండే ప్లాస్టిక్ ముఖం) మీది కంత కొలుస్తారు. చెడేది మాత్రం అక్కడ కాదు. ఫేసియా వెనక ఎంత లోతు ఉంది, యూనిట్ (కొత్త టచ్ స్క్రీన్ స్టీరియో) బరువు దేని మీద ఆనుతుంది అన్న రెండు విషయాల దగ్గరే చాలా పనులు పాడవుతాయి. ప్లాస్టిక్ కోయడం చిట్టచివరి పని. అది మొదట చేస్తే, తర్వాత తేలిన తప్పులన్నీ ఆ కంతలోంచి బయటికి కనిపిస్తూనే ఉంటాయి.

ముందు వైపు లెక్క

సింగిల్ డిన్ ముఖం 180 × 50 మి.మీ., డబుల్ డిన్ 180 × 100 మి.మీ. స్లీవు (స్టీరియోను పట్టి ఉంచే ఇనుప తొడుగు) పట్టడానికి వదిలే కంత మాత్రం దాదాపు 182 × 53 ఉంటుంది. ఈ కారులో స్టీరియో కంత ఎత్తు 53, మధ్య అడ్డపట్టీ 8, కింది అర 42. మొత్తం 103 మి.మీ. యూనిట్ బాడీ 178 × 100 కాబట్టి ఎత్తులో 3 మి.మీ. మిగిలింది. వెడల్పులో చిన్న చిక్కు ఉంది. అర మూతి 174 మి.మీ. మాత్రమే, అంటే రెండు పక్కలా చెరో 4 మి.మీ. తీయాలి. ఈ మొత్తం 100 కంటే బాగా తక్కువ వచ్చే కార్లలో డబుల్ డిన్ పట్టాలంటే ఏసీ కంట్రోళ్లనే కిందికి దింపాలి. అప్పుడది స్టీరియో పని కాదు, డ్యాష్‌బోర్డు పని.

వెనక లోతు

ఫేసియా విప్పి, పాత స్టీరియో, స్లీవు తీసేసి, ఫేసియా ముఖం ఉండే గీత నుంచి లోపలికి కొలిచాం. పైసగంలో 190 మి.మీ. ఉంది. కింది సగంలో 112 మాత్రమే. అక్కడ ఏసీ గాలి గొట్టం అడ్డంగా పోతుంది, దాని ముందు నుంచి హీటర్ టెంపరేచర్ కేబుల్ దిగుతుంది.

మొదట అనుకున్న డీవీడీ యూనిట్ లోతు 165 మి.మీ. పైసగంలో హాయిగా పడుతుంది, కింది సగంలో గొట్టాన్ని గుద్దుతుంది. ఇక్కడ కొందరు గొట్టాన్ని కాస్త కోసి, లేదా వేడిచేసి నొక్కి దారి చేస్తారు. కోసిన గొట్టంలోంచి చల్లగాలి డ్యాష్ లోపలికి పోతుంది, వెంట్లలో గాలి తగ్గుతుంది. అంతకంటే ముఖ్యం, ఆ చల్లదనానికి యూనిట్ వెనక ఇనుప డబ్బా మీద చెమ్మ పడుతుంది. కొన్ని నెలలకు కనెక్టర్ల పిన్నులు పచ్చబడతాయి. అందుకే ఆ యూనిట్ వదిలేసి డిస్క్ మెకానిజం లేనిది తీసుకున్నాం. దాని బాడీ లోతు 78 మి.మీ.

78 అనగానే సంబరపడకూడదు. వెనక దిగే కనెక్టరు 25 మి.మీ. బయటికి వస్తుంది, వైర్లు వంగడానికి ఇంకో 20 కావాలి. మొత్తం 123. ఈ యూనిట్‌కు ప్రధాన కనెక్టరు వెనక భాగం పైసగంలో ఉంది, అక్కడ 190 ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. యూఎస్‌బీ సాకెట్ మాత్రం కింది సగంలో ఉంది. నేరుగా పెట్టే ప్లగ్గుతో 108 వరకు వస్తుంది, గొట్టానికి 4 మి.మీ. దూరం. కారు కుదుపుల్లో అది సరిపోదు. ఎల్ ఆకారంలో వంగిన ఎక్స్‌టెన్షన్ వాడితే 95 దగ్గర ఆగింది. యూనిట్ కొనేముందు వెనక వైపు ఫొటో చూడండి, ఏ సాకెట్ ఏ మూలన ఉందో కొలతల పట్టికలో ఉండదు.

అట్టముక్కలతో 178 × 100 × 78 డబ్బా చేసి, కనెక్టర్ ఉండే చోట ఇంకో 45 మి.మీ. అట్ట అంటించి లోపల పెట్టి చూడటం పావుగంట పని. ఏసీ లీవర్లు ఈ చివర నుంచి ఆ చివరకు జరుపుతూ చూస్తే కేబుల్ ఎక్కడ రాసుకుంటుందో అప్పుడే తెలిసిపోతుంది.

బరువు మోసేది ఎవరు?

సింగిల్ డిన్ స్లీవు నాలుకలు వంచి ప్లాస్టిక్‌కు పట్టిస్తారు, వెనక ఒక బోల్టుకు రబ్బరు బుష్ తొడుగుతారు. తేలికపాటి స్టీరియోకి అది చాలు. డబుల్ డిన్‌లో ఆ పద్ధతి నడవదు. కారణం బరువొక్కటే కాదు. మనం కోసేసే 8 మి.మీ. అడ్డపట్టీయే ఇన్నాళ్లూ ఫేసియా మధ్యభాగాన్ని బిగువుగా పట్టి ఉంచింది. అది పోయాక మిగిలిన చట్రం వేలితో నొక్కితే ఊగుతుంది. దానికే యూనిట్‌ను వేలాడదీస్తే టచ్ స్క్రీన్‌ను నొక్కిన ప్రతిసారీ కిర్రుమంటుంది, పాత ప్లాస్టిక్ కాబట్టి ఏదో ఒక మూల పగులుతుంది.

ఈ కారులో ఫేసియా వెనక రెండు పక్కలా డ్యాష్ చట్రపు ఇనుప కాళ్లున్నాయి. వాటి మధ్య దూరం 190 మి.మీ. యూనిట్ 178 పోగా పక్కకు 6 మి.మీ. చొప్పున మిగిలింది. 1.5 మి.మీ. ఇనుప రేకుతో రెండు ఎల్ పట్టీలు చేయించి, యూనిట్ పక్క రంధ్రాలకు ఎం5 (5 మి.మీ. వ్యాసం) స్క్రూలతో బిగించాం. 1.5 రేకు, దాని మీద 3 మి.మీ. స్క్రూ తల, ఇంకా 1.5 ఖాళీ. పట్టీలో రంధ్రాలు గుండ్రంగా కాకుండా 12 మి.మీ. పొడుగు గాడులుగా ఉండాలి, ముందుకీ వెనక్కీ జరిపి సరిచేసుకోవడానికి.

స్క్రూ పొడవు గురించి ఒక హెచ్చరిక. యూనిట్ మాన్యువల్ చెప్పిన పొడవు దాటి ఒక్క మిల్లీమీటరు కూడా వేయొద్దు. సాధారణంగా 6 నుంచి 8 మి.మీ. ఉంటుంది. పెట్టెలో దొరికిన ఏదో 12 మి.మీ. స్క్రూ తిప్పితే అది రేకు దాటి లోపలి బోర్డులోకి దిగుతుంది. కొత్త యూనిట్ మొదటి రోజే చనిపోవడానికి ఇదొక మామూలు కారణం.

ఫేసియా లేకుండానే యూనిట్‌ను పట్టీల మీద నిలబెట్టి, తర్వాత ఫేసియా గీతకు యూనిట్ ముఖం 2 మి.మీ. బయటికి వచ్చేలా జరిపి, పట్టీల బోల్టులు బిగించాం. ఇప్పుడు యూనిట్ కదలదు. కంత దాని చుట్టూ తగ్గట్టు కోయాలి, అంతేగాని కంతకు తగ్గట్టు యూనిట్ కాదు.

కోత

ఫేసియా విప్పేటప్పుడే సగం నష్టం జరుగుతుంది. ఏళ్ల ఎండకు క్లిప్పులు పెళుసెక్కి ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్‌తో రెండు నిమిషాలు వెచ్చబెట్టి, ప్లాస్టిక్ పుల్లతో క్లిప్పు పక్కనే లేపాలి, మధ్యలో పట్టి లాగకూడదు. రాకపోతే ఎక్కడో స్క్రూ మిగిలిందని అర్థం. ఆష్‌ట్రే వెనక, ఏసీ వెంటు లోపల, ఖాళీ స్విచ్ మూత కింద చూడండి.

వెనక వైపు ప్లాస్టిక్ రకం అచ్చు ఉంటుంది. ఈ ఫేసియా మీద ఏబీఎస్ అని ఉంది, అదృష్టం. ఏబీఎస్ పొడిని అసిటోన్‌లో కరిగించిన ముద్దతో అతుకు వేస్తే ఒకే ముక్కలా కలిసిపోతుంది. పీపీ లేదా పీపీ-టీ20 అని ఉంటే అది పాలీప్రొపైలిన్. అసిటోన్ దాన్ని ఏమీ చేయదు, మామూలు ఎపాక్సీ గోటితో లేస్తుంది. దానికి వేడి పిన్నులు దించే ప్లాస్టిక్ స్టేప్లర్ గానీ చిన్న రివెట్లు గానీ వాడాలి.

ముఖమంతా మాస్కింగ్ టేపు వేసి, 182 × 103 గీత గీసి, దానికి 2 మి.మీ. లోపల ఇంకో గీత గీశాం. కోత ఈ లోపలి గీత మీద. నాలుగు మూలల్లో 4 మి.మీ. డ్రిల్లు రంధ్రాలు ముందే వేయాలి. పదునైన మూలలోంచే పగులు పాకుతుంది, గుండ్రటి అంచు దాన్ని ఆపుతుంది. ముందు అర డబ్బా గోడలు వెనక నుంచి కోసేశాం, తర్వాత పక్కల 4 మి.మీ., చివరన అడ్డపట్టీ. పట్టీ చివరిదాకా ఉంటే ఫేసియా చేతిలో మెలితిరగకుండా ఉంటుంది. ఆసిలేటింగ్ కట్టర్‌ను తక్కువ వేగంలో నడపాలి. వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి బ్లేడు వెనకే మళ్లీ అతుక్కుంటుంది. మిగిలిన 2 మి.మీ. చదును ఆకురాయితో, ఆ తర్వాత 180, 320 నంబరు ఎమరీ పేపర్‌తో. ఇక్కడ ఓపిక తప్ప ఇంకో పనిముట్టు పనికిరాదు.

కంత తయారయ్యాక వెనక వైపు పై అంచుకూ కింది అంచుకూ 20 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఏబీఎస్ పట్టీలు ముద్దతో అతికించి ఒక రాత్రి ఆరనిచ్చాం. పోయిన అడ్డపట్టీ బిగువు చాలావరకు తిరిగి వచ్చింది.

వైరింగు

పాత కార్ల వైర్ల రంగులు నమ్మడానికి లేదు. ఎవరో ఒకరు మధ్యలో చేయి పెట్టే ఉంటారు. ఇక్కడ కంపెనీ ప్లగ్గు బాగానే ఉంది గానీ వెనక స్పీకర్ల వైర్లు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి ఉన్నాయి. ఆ టేపు జిగురు కరిగి వేలికి అంటుకుంటోంది.

కారు వైపు ప్రతి వైరునూ మల్టీమీటర్‌తో గుర్తించి కాగితం మీద రాసుకున్నాకే కొత్త యూనిట్ వైర్లు ముట్టుకోవాలి. యూనిట్ వైపు రంగులు మాత్రం చాలా కంపెనీలవి ఒకటే: ఎల్లో ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, రెడ్ తాళం తిప్పితే వచ్చే 12, బ్లాక్ ఎర్త్, ఆరెంజ్ పార్కింగ్ లైట్లకు, బ్లూ యాంటెన్నాకు, బ్లూ-వైట్ ఆంప్లిఫయర్‌కు. స్పీకర్లలో వైట్ ముందు ఎడమ, గ్రే ముందు కుడి, గ్రీన్ వెనక ఎడమ, పర్పుల్ వెనక కుడి. నల్లగీత ఉన్నది నెగటివ్. ఐఎస్‌వో ప్లగ్గు (చాలా కార్లలో వాడే ప్రామాణిక స్టీరియో ప్లగ్గు) ఉన్న కార్లలో కరెంటు బ్లాకు 4వ పిన్ను శాశ్వత కరెంటు, 7వది తాళం కరెంటు. వోక్స్‌వ్యాగన్ కార్లు చాలావాటిలో ఈ రెండూ తారుమారు. యూనిట్ కారు ఆపిన ప్రతిసారీ సెట్టింగులు మర్చిపోతోందంటే ముందు చూడాల్సింది ఇదే.

స్పీకర్ల పరీక్ష దగ్గర అసలు సమస్య బయటపడింది. 4 ఓమ్‌ల స్పీకర్‌కు మీటర్‌లో 3.2 నుంచి 3.8 వరకు రావాలి, నాలుగింటికీ వచ్చింది. తర్వాత ప్రతి స్పీకర్ వైరుకూ కారు బాడీకీ మధ్య కొలవాలి, అక్కడ ఏమీ రాకూడదు. వెనక కుడి స్పీకర్ నెగటివ్ దగ్గర సున్నా వచ్చింది. వెనక షెల్ఫు స్క్రూ వైరు తొడుగులోంచి దిగి బాడీకి తాకుతోంది. పాత క్యాసెట్ స్టీరియో దాంతోనే ఏళ్లు పాడింది. కొత్త యూనిట్లలో ఆంప్లిఫయర్ బ్రిడ్జి పద్ధతిలో ఉంటుంది, నెగటివ్ వైరు కూడా బాడీకి సుమారు 6 వోల్టుల ఎత్తులో ఉంటుంది. దాన్ని బాడీకి తాకిస్తే అదృష్టం ఉంటే యూనిట్ రక్షణలోకి వెళ్లి మూగబోతుంది, లేకపోతే ఆంప్లిఫయర్ చిప్పు పోతుంది. ఇంకా పాత కార్లలో అన్ని స్పీకర్ల నెగటివ్‌నూ కావాలనే బాడీకి కలిపేవారు. వాటిలో పాత వైర్లు వదిలేసి ప్రతి స్పీకర్‌కూ 0.75 చదరపు మి.మీ. రెండు పోగుల వైరు కొత్తగా లాగడమే మార్గం. ఈ కారులో ఆ ఒక్క స్పీకర్‌కే కొత్త వైరు వేశాం.

పాత రేడియో కరెంటు సిగరెట్ లైటర్‌తో కలిసి ఒకే ఫ్యూజ్ మీద, సన్నటి 0.5 చదరపు మి.మీ. వైరు మీద వస్తోంది. 3 మీటర్ల ఆ వైరుకు దాదాపు 0.1 ఓమ్ నిరోధం ఉంటుంది. బాస్ గట్టిగా కొట్టినప్పుడు 10 ఆంపియర్లు లాగితే ఒక వోల్టు దారిలోనే పోతుంది. స్క్రీన్ వెలుగు పాటతో పాటు మినుకుమనేది అందుకే. బ్యాటరీ నుంచి 1.5 చదరపు మి.మీ. వైరు విడిగా లాగి, బ్యాటరీకి 20 సెం.మీ. లోపల 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాం. నష్టం 0.35 వోల్టుకు తగ్గింది. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఇనుప గోడ) దాటే చోట రబ్బరు గ్రొమ్మెట్ (కంత అంచుకు తొడిగే రింగు) లేకుండా ఈ వైరు వేయడం అగ్గిపుల్ల దాచిపెట్టడం లాంటిది. పాత రేడియో వైరును రెడ్‌కు మాత్రమే వాడాం, అది లాగేది చాలా తక్కువ.

ఎర్త్ కోసం డ్యాష్ చట్రం మీద పెయింటు గీకి, రింగు టెర్మినల్‌తో ఎం6 బోల్టు బిగించాం. పాట గట్టిగా మోగుతుండగా యూనిట్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.1 వోల్టు మించకూడదు. ఎర్త్ సరిగా లేకపోతే కరెంటు యాంటెన్నా తొడుగులోంచో కెమెరా వైరులోంచో తిరిగి పోతుంది. ఇంజిన్ రేజ్ చేస్తే స్పీకర్లలో ఈల కూడా పైకి లేవడం దాని గుర్తు. చాలామంది ఫిల్టర్ కొని అతికిస్తారు. ముందు ఆ బోల్టు కింద పెయింటు చూడండి.

అతుకులన్నీ క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి) హీట్ ష్రింక్ స్లీవు (వేడికి ముడుచుకునే గొట్టం) వేశాం. టంకం కూడా తప్పు కాదు, కానీ టంకం పీల్చుకున్న చోట వైరు బిరుసెక్కి, కుదుపులకు సరిగ్గా ఆ అంచు దగ్గర తెగుతుంది. టంకం వేస్తే ఆ అంచు దాటి స్లీవు పోవాలి. కారు ప్లగ్గు కోయకుండా అడాప్టర్ హార్నెస్ (మధ్యలో తగిలించే వైర్ల కట్ట) వాడాం కాబట్టి పాత స్టీరియో ప్లగ్గు అలాగే ఉంది.

ఆరెంజ్ వైరును మీటర్ల వెలుగు తగ్గించే డిమ్మర్ తర్వాత కలిపితే స్క్రీన్ పగలు-రాత్రి మోడ్‌ల మధ్య ఊగులాడుతుంది. డిమ్మర్‌కు ముందే, పార్కింగ్ లైటు లైనులో కలపాలి. హ్యాండ్ బ్రేక్ వైరును నేరుగా ఎర్త్‌కు కలిపేసి నడుస్తుండగా వీడియో వచ్చేలా చేయమని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అది చేయలేదు, చేయకూడదు.

కెమెరా, మైకు, యాంటెన్నాలు

కెమెరా కరెంటు రివర్స్ లైటు నుంచి, వీడియో వైరు కారు ఎడమ అంచు వెంబడి. కొత్త బ్యాటరీ వైరు కుడి అంచున పోతోంది, రెండూ పక్కపక్కన వేస్తే బొమ్మలో గీతలు పాకుతాయి. డిక్కీ తలుపు దగ్గర రబ్బరు గొట్టంలోంచే తీసుకుని, తలుపు పూర్తిగా ఎత్తినప్పుడు వైరు బిగుసుకోకుండా కొంత వదులు వదలాలి. వీడియో వైరు పక్కనే ఉండే సన్నటి ఎర్ర వైరు రివర్స్ సంకేతం ముందుకు తేవడానికి పనికొస్తుంది.

మైకును యూనిట్ దగ్గర పెడితే అవతలివాళ్లకు ప్రతిధ్వని, ఏసీ గాలి హోరు. డ్రైవర్ పక్క ఎ-పిల్లర్ (ముందు అద్దం పక్క స్తంభం) మీద, గాలి తగలని ఎత్తులో పెట్టాం. జీపీఎస్ యాంటెన్నాను యూనిట్ డబ్బా మీద వదిలేస్తే సిగ్నల్ దొరకదు. డ్యాష్ పైపొర కింద, అద్దానికి దగ్గరగా, పైన ఇనుము లేని చోట ఉండాలి. ఎఫ్‌ఎంకు పాత ప్లగ్గు అడాప్టర్ కావాల్సి వచ్చింది. యాంటెన్నాలోనే ఆంప్లిఫయర్ ఉన్న కార్లలో దానికి బ్లూ వైరు కరెంటు ఇవ్వకపోతే దగ్గరి స్టేషన్లు తప్ప ఏవీ రావు. మోటారుతో లేచే యాంటెన్నా అయితే బ్లూ వైరు రిలేకు (మోటారుకు విడిగా కరెంటు ఇచ్చే స్విచ్చుకు) సంకేతం మాత్రమే, మోటారును దాంతో నడపకూడదు.

బిగించాక తేలినవి

మొదటిసారి అంతా పెట్టి చూస్తే టెంపరేచర్ లీవర్ చివర్లో బిగుసుకుంది. మిగులు వైర్లు కట్టగా కింది సగంలోకి జారి హీటర్ కేబుల్‌ను నొక్కుతున్నాయి. కట్టను గుడ్డ టేపుతో చుట్టి పైసగంలో ఎడమ ఇనుప కాలుకు జిప్ టైతో కట్టాక లీవరు తేలికైంది. గుడ్డ టేపు వైర్లు టకటకలాడకుండా కూడా ఆపుతుంది. పీవీసీ టేపుకు ఆ గుణం లేదు, ఎండకు జిగురు కారడం తప్ప.

రెండోది స్క్రీన్ కోణం. పాత కార్లలో స్టీరియో కిందికి ఉంటుంది, పైనుంచి వంగి చూడాలి. చవక ప్యానెళ్లు ఆ కోణంలో తెల్లబారతాయి. ఐపీఎస్ ప్యానెల్ అయితే ఆ బాధ తక్కువ. గాడులున్న పట్టీలను కాస్త ఓరగా బిగించి స్క్రీన్ పై అంచును 3 మి.మీ. లోపలికి వంచాం, ప్రతిబింబం కూడా కొంత తగ్గింది.

కోయకుండా ఉండాల్సిన సందర్భాలు

అడ్డపట్టీ వెనక ఇనుప బ్రేసు ఉంటే ఆగాలి. అది డ్యాష్ చట్రంలో భాగం, దాన్ని కోయడానికి స్టీరియో కారణం కాదు. అదే చోట ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ ఉన్న కార్లలో బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పిన సమయం వేచి ఉండకుండా పసుపు తొడుగు వైర్లు ముట్టుకోకూడదు. కింది లోతు 100 మి.మీ. లోపు ఉంటే సింగిల్ డిన్ బాడీకి 9 అంగుళాల తేలే స్క్రీన్ తగిలించిన రకం మేలు, కానీ అది హజార్డ్ స్విచ్చునూ వెంట్లనూ కప్పేయకుండా ముందే అట్టముక్క కోసి చూసుకోవాలి. వెల కట్టలేని పాత కారు అయితే పాడుబడిన ఇంకో ఫేసియా వెతికి దాన్ని కోయండి, అసలుది గుడ్డలో చుట్టి దాచండి. పాత స్టీరియోకు సెక్యూరిటీ కోడ్ ఉంటే తీసేముందు రాసి పెట్టుకోండి, అది లేకపోతే తిరిగి బిగించినా పాడదు.

చివరి కొలత బ్యాటరీ లీకేజీ. తాళం తీసి, తలుపులు వేసి, పావుగంట ఆగి బ్యాటరీ నెగటివ్‌లో సిరీస్‌గా అమ్మీటర్ పెట్టాం. పనికి ముందు 14 మిల్లీఆంపియర్లు ఉండేది, తర్వాత 26 వచ్చింది. మొత్తం 50 దాటితే రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు పోతాయి, నిలబెట్టిన కారులో 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ రెండు వారాల్లో సగానికి వస్తుంది. ఆండ్రాయిడ్ యూనిట్లలో స్లీప్ బదులు పూర్తిగా ఆగిపోయే సెట్టింగు పెడితే ఈ అంకె తగ్గుతుంది, స్టార్ట్ కావడానికి మాత్రం అరనిమిషం దాకా పడుతుంది. రోజూ నడిపే కారుకు స్లీప్, వారానికోసారి తీసే కారుకు పూర్తి ఆఫ్. ఈ కారు వారానికోసారిది.